రివ్యూ, సమీక్ష, పద్దు

ప్రశ్న: చూసిన సినిమాలన్నీ తేదీతో సహా లెటర్‌బాక్స్‌డ్ అనే సినిమా డైరీ యాప్‌లో ఎక్కిస్తున్నాను. ఒక్కోదాని కింద నాలుగు లైన్లు రాసుకుంటున్నాను. ఇలా ఎక్కించడాన్ని 'లాగ్ చేయడం' అంటున్నాం. తెలుగులో దీనికి మంచి మాట ఉందా? ఆ నాలుగు లైన్లను 'సమీక్ష' అందామంటే ఆఫీసులో సమీక్షా సమావేశం గుర్తొస్తోంది. 'విమర్శ' అంటే తిట్టినట్టుంది.

జవాబు: ఉందండీ. పద్దు. 'నిన్న చూసిన సినిమాకి పద్దు రాశాను' అని చూడండి, ఎంత హాయిగా ఉందో.

లాగ్ అంటే మొదట్లో దుంగ. ఓడ వేగం తెలుసుకోవడానికి ముడులు వేసిన తాడు చివర చెక్క కట్టి నీళ్ళలోకి విడిచేవారు. నిర్ణీత సమయంలో ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసేవారు. అలా ఆ పుస్తకం లాగ్‌బుక్ అయింది. మన లెక్కల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు. చిట్టాలో ఏ రోజు పద్దు ఆ రోజు వరసగా పడుతుంది. ఆవర్జాలో అవే పద్దులు పేరుపేరునా విడిపోతాయి. మీ సినిమా డైరీ చిట్టా అన్నమాట. ఒకే సినిమాని ఎప్పుడెప్పుడు చూశారో ఒకచోట చూసుకుంటే అది ఆవర్జా.

సమీక్ష మీద మాత్రం నాకు ప్రేమ ఎక్కువ, దాన్ని ఆఫీసులకు వదిలేయకండి. 'ఈక్ష్' అనే ధాతువుకు చూడటం అని అర్థం. ప్ర చేరితే ప్రేక్షకుడు. సమ్ చేరితే సమీక్షకుడు. పరి చేరితే పరీక్ష, అంటే చుట్టూ తిరిగి చూడటం. ఉప చేరితే ఉపేక్ష, అంటే చూసీ చూడనట్టు వదిలేయడం. ప్రేక్షకుడికీ సమీక్షకుడికీ మధ్య తేడా ఒక్క ఉపసర్గే. రివ్యూ కూడా 'మళ్ళీ చూడటం' అన్న అర్థం నుంచి వచ్చిందే.

రాయడం మొదలుపెట్టాక నాకు తెలిసొచ్చింది కూడా ఇదే. ఒక సినిమాకి మొదటిసారి 'సెకండాఫ్ సాగింది' అని పద్దు రాసి ఊరుకున్నాను. కొన్నేళ్ళకు మళ్ళీ చూశాను. ఫస్టాఫ్‌లో తండ్రి ఉన్న ప్రతి సీనులోనూ గోడ గడియారం చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఆయన పోయాక ఆ చప్పుడు లేదు. గడియారం గోడకే ఉంది, తిరుగుతూనే ఉంది, మనకే వినపడదు. నేను 'సాగింది' అన్నది ఆ ఖాళీనే. పాత పద్దు లేకపోతే మొదటిసారి ఏమనుకున్నానో గుర్తుండేది కాదు, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకునేదాన్నీ కాదు.

ప్రశ్న: మరి స్టార్లు? అర స్టారు తేడాకి కూడా బుర్ర బద్దలు కొట్టుకుంటాను.

జవాబు: ఇవ్వండి, కానీ అక్కడితో ఆగకండి. మూడున్నర అని రాసుకుంటే ఏడాది తర్వాత అది ఎందుకు మూడున్నరో చెప్పేవాళ్ళుండరు.

అంతకన్నా మాటల తేడా పట్టించుకోవడంలో నాకు ఎక్కువ సుఖముంది. నా మొదటి పద్దులన్నిటిలో 'బాగుంది' తప్ప మాట లేదు. పది సినిమాలకు అదే రాశాక, అవి పదీ ఒకేలా బాగున్నాయా అన్న అనుమానం వచ్చింది. అప్పుడు వెతుక్కోవడం మొదలైంది. 'సీను కుదిరింది' వేరు, 'సీను పండింది' వేరు. కుదరడం అమరికకు సంబంధించింది: కెమెరా, కటింగ్, మాట, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పండటానికి టైము కావాలి. గంట ముందు నాటిన చిన్న విషయం ఇప్పుడు కోతకొచ్చిందన్నమాట. అందుకే సినిమా మొదటి ఐదు నిమిషాల్లో సీను కుదరొచ్చు గానీ పండటం కష్టం. 'పట్టు తప్పింది', 'బిగి సడలింది', 'అతకలేదు' కూడా ఒకటి కావు. ఏ మాట వాడాలో తేల్చుకోవాలంటే ఆ సీనుని కళ్ళముందు మళ్ళీ నడిపించుకోవాల్సిందే. సినిమా మీద ఇష్టం నాకు అక్కడే పెరిగింది, థియేటర్లో కన్నా ఎక్కువగా.

'విమర్శ' గురించి కూడా ఒక మాట. అందులోని 'మృశ్' అంటే తాకడం, తడమడం. తిట్టు అన్న అర్థం మనం తగిలించిందే.

ప్రశ్న: 'రీవాచ్'కి ఏమంటారు?

జవాబు: నేను 'మళ్ళీ చూశాను' అనే రాస్తాను. కొత్త మాట కట్టాల్సిన అవసరం కనపడలేదు. ఆ గడియారం సినిమాని మొన్న మూడోసారి చూశాను. తేదీ వేశాను గానీ పద్దు ఇంకా ఖాళీగానే ఉంది, ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు నేనే మిమ్మల్ని అడుగుతున్నాను: ఆగిపోయిన చప్పుడు ఇంకా చెవిలో ఉన్నట్టే ఉంటుంది చూడండి, దానికి 'నిశ్శబ్దం' సరిపోవడం లేదు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏమైనా అనేవారా?