సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు: 2014 నాటి టీవీ, బాగు చేయించాలా కొత్తది కొనాలా?

గుంటూరు మిర్చి:
అందరికీ నమస్తే అండి. మాది 40 ఇంచీల ఎల్‌ఈడీ టీవీ, 2014 దసరాకి కొన్నాం. పది రోజుల నుంచి ఆన్ చేస్తే ఒక్క సెకను బొమ్మ కనబడి నల్లగా అయిపోతోంది, సౌండ్ మాత్రం శుభ్రంగా వస్తోంది, మా నాన్నగారు దాని ముందే కూర్చుని రేడియోలాగా వార్తలు వింటున్నారు. సర్వీస్ సెంటర్ అతను చూసి ప్యానెల్ పోయింది, 19 వేలు అన్నాడు. మా వీధి మెకానిక్కేమో 3,200 చాలంటున్నాడు. తమ్ముడు అవతల పారేసి కొత్తది కొనమంటాడు. ఏం చేయమంటారు?

కోఠి గల్లీ:
అన్నా, ప్యానెల్ పోలే. ప్యానెల్ పోతే గీతలు పడ్తయ్, సగం తెర తెల్లగైతది, గంతేగాని సెకను సేపు మంచిగ బొమ్మొచ్చి ఆగిపోదు. నీది బ్యాక్‌లైట్. తెర వెనక ఎల్‌ఈడీ పట్టీలుంటయ్, పండగకు కట్టే సీరియల్ బల్బుల లెక్క, ఒక్కటి పోయినా అన్నీ బంద్. రాత్రి లైట్లార్పి టీవీ ఆన్ చేసి తెరకు దగ్గర్ల టార్చి పట్టు, మసకగ బొమ్మ కదుల్తుంటే ప్యానెల్ బతికే ఉన్నట్టు. పట్టీలు కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతయ్.

వైజాగ్ బాబాయ్:
ఈ మాటలు విని నేనూ మునిగాను. బ్యాక్‌లైట్‌కి 2,800, నాలుగు నెలలకి మళ్లీ అదే, తర్వాత పవర్ బోర్డు 1,900, ఆఖరికి మూడోసారి విప్పినప్పుడు తెర మూల చిట్లింది, అడిగితే ముందే ఉందన్నాడు. అప్పుడు వెళ్లి కొత్తది కొన్నా. అదేదో మొదటే కొంటే పోయేది కదా! పైగా 32 ఇంచీలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది.

కోఠి గల్లీ:
బాబాయ్, సెట్ మొత్తం మార్పిచ్చినవా, పోయిన పట్టీ ఒక్కటేనా?

వైజాగ్ బాబాయ్:
ఒక్కటే. మిగతావి బానే ఉన్నాయన్నాడు.

కోఠి గల్లీ:
గదే మరి. మిగిలినయ్ కూడ అన్నేండ్లు కాలినవే కదా, వరుసబెట్టి పోతయ్. సెట్ మొత్తం మార్చాలె, అదే వోల్టేజీది వెయ్యాలె, 3 వోల్టుల ఎల్‌ఈడీ ఉన్నకాడ 6 వోల్టులది పెడితే నడ్వది. ఆ తర్వాత సెట్టింగ్స్‌ల బ్యాక్‌లైట్ 100 మీదుంటే 60కి దించు. వెలుగెక్కువుంటే వేడెక్కువ, అవి పోయేది ఆ వేడికే. అయితే ఒకటి, తెర పగిల్తే మాత్రం నేను కూడ కొత్తదే కొనమంట.

బెంగళూరు కోడలు:
అసలు నాన్నగారు చూసేదేంటో ఎవరూ అడగరేంటి? మా మామయ్యగారికి కొత్త స్మార్ట్ టీవీ కొనిపెట్టాం, ఆన్ చేయగానే బోలెడు యాప్‌లు, ఆయనకి కావాల్సింది వార్తల చానెల్, అది రావాలంటే రెండు రిమోట్లు, రోజూ సాయంత్రం ఏడింటికి నాకు ఫోన్ "అమ్మా, మళ్లీ ఏదో వచ్చింది" అని. అలవాటైన టీవీ 3,200కి బాగవుతుంటే బాగు చేయించండి. మెకానిక్ చేత మూడు నెలల గ్యారంటీ మాత్రం కాగితం మీద రాయించుకోండి.

వైజాగ్ బాబాయ్:
రిమోట్ల సంగతి నిజమేనమ్మా. కొత్తదాని సౌండ్ కూడా డబ్బాలోంచి మాట్లాడినట్టుంది. అయినా ఒక్కసారికే అండి, రెండోసారి పోతే ఇంక పైసా పెట్టొద్దు.

గుంటూరు మిర్చి:
టార్చి వేసి చూశాం, న్యూస్ రీడర్ నీడలా కనబడుతున్నాడు! శనివారం ఆటోలో తీసుకెళ్తున్నా, పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చా?

కోఠి గల్లీ:
అస్సలొద్దు, నిలబెట్టే పట్టుకో, తెర దిక్కు దుప్పటి కట్టు. పట్టీలు విప్పేటప్పుడు పక్కనే నిలబడి అన్నీ కొత్తవే వేస్తుండా చూడు.