రీసెర్చ్ ఫైల్‌కి మార్కులు ఉండాలా, తీసేయాలా?

మిర్చి_ప్యాకెట్

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. బెంగళూరులో గ్రాఫిక్ డిజైన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మొన్న మార్కులు చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఇక్కడ ప్రింటింగ్ వాళ్లు, డిజైనర్లు, పాఠాలు చెప్పేవాళ్లు ఉన్నారు కదా, మిమ్మల్నే ఒక మాట అడుగుదామని.

మాకిచ్చిన బ్రీఫ్ ఇది. ఒక చిన్న కంపెనీ కారంపొడి ప్యాకెట్‌ని కొత్తగా డిజైన్ చేయాలి. వీధి అంగళ్లలో అమ్మే ఐదు రూపాయల ప్యాకెట్. పేరు కన్నడంలోనూ తెలుగులోనూ ఉండాలి. వందలో 60 మార్కులు ఫైనల్‌కి, 40 మార్కులు ఫైనల్ దాకా ఎలా వచ్చామో చూపించే రీసెర్చ్, డెవలప్‌మెంట్ ఫైల్‌కి.

నేను మూడు వారాలు మడివాళ, కలాసిపాళ్యం, కె.ఆర్. మార్కెట్ చుట్టూ అంగళ్లు తిరిగాను. నా ఫైల్ 16 పేజీలు. అన్నీ పెన్సిల్ రాతలు, కొట్టివేతలు. 40కి 19 వేశారు. మా క్లాసులో ఇంకో అమ్మాయి ఫైనల్ ముందే చేసేసింది. సబ్మిషన్‌కి ముందు రెండు రాత్రులు మేలుకుని, ఆ ఫైనల్‌ని ఎదురుగా పెట్టుకుని దానికి ‘మొదటి స్కెచ్‌లు’ గీసింది. మైండ్ మ్యాప్ (ఆలోచనల పటం), మూడ్ బోర్డు (రంగులు, బొమ్మలు అతికించిన అట్ట), ఊహించి రాసిన కస్టమర్ ప్రొఫైల్, అన్నీ కలిపి 64 పేజీలు, స్పైరల్ బైండింగ్. 40కి 36. తన ఫైనల్ నిజంగానే బాగుంది, తన మీద నాకు కోపం లేదు.

వెనక నుంచి ముందుకు రాసుకోగలిగే ఫైల్‌కి మార్కులెందుకు? తీసేసి, మొత్తం వందా ఫైనల్‌కే ఇస్తే న్యాయం కదా?

పీణ్య_ప్రింటర్

తీసేయాలి చెల్లెమ్మా. ఇరవై రెండేళ్లుగా ప్యాకెట్లు అచ్చు వేస్తున్నాను. ‘నీ రీసెర్చ్ ఫైల్ ఏదీ’ అని అడిగిన పార్టీని ఇంతవరకు చూడలేదు.

కాలేజీ పిల్లల ఫైళ్లు నా దగ్గరికీ వస్తాయి. కస్టమర్ వయసెంత, అతనికి ఏ సినిమాలు ఇష్టం, ఇవన్నీ ఉంటాయి. ప్యాకెట్ ఎలా తయారవుతుందో ఒక్క పేజీ ఉండదు. ఈ చిన్న ప్యాకెట్లు మేం గ్రావ్యూర్‌లో వేస్తాం. ఒక్కో కలర్‌కి ఒక్కో సిలిండర్ చెక్కించాలి, తెలుపుకి కూడా. నువ్వు ఏడు రంగులు వాడితే ఓనర్ ఏడు సిలిండర్లకు డబ్బు కట్టాలి. ఐదు రూపాయల కారం అమ్మేవాడు ఎక్కడ కడతాడు? పైనా కిందా సీల్ పడే చోట అక్షరం పెడితే నలిగిపోతుంది. నాలుగు రంగులు కలిసిన చోట సన్నటి తెల్ల అక్షరం వదిలితే, రిజిస్ట్రేషన్, అంటే రంగు మీద రంగు సరిగ్గా కూర్చోవడం, కాస్త తప్పినా అక్షరం పూడిపోతుంది. అంచున ముదురు రంగులో చిన్న చదరం ఉంటుంది, ఐ మార్క్ అంటాం. మిషన్ సెన్సర్ దాన్ని చూసే ప్యాకెట్ కోస్తుంది. దానికి జాగా వదిలిన స్టూడెంట్ డిజైన్ ఇంతవరకు నా టేబుల్ మీదికి రాలేదు. ఇవన్నీ ఫైనల్‌లోనే బయటపడతాయి. మార్కులూ దానికే వేయండి.

పాఠాలు_చెప్పే_మనిషి

నేను ఈ ఊళ్లోనే ఇంకో కాలేజీలో పదిహేనేళ్లుగా డిజైన్ చెబుతున్నాను. అమ్మా, నీకు అన్యాయమే జరిగింది. అయినా మార్కులు తీసేయమంటే ఒప్పుకోను.

ప్రింటర్ గారూ, మీరు చెప్పిన సిలిండర్లు, సీలు, ఐ మార్క్, అదంతా రీసెర్చే కదండీ. ఫైనల్ అయిపోయాక తెలిస్తే ఏం లాభం? కంప్యూటర్ తెరవక ముందే మీ ప్రెస్‌కి వచ్చి, మిషన్ పక్కన నిలబడి చూడాలి. ఆ 40 మార్కులు పెట్టింది పిల్లల్ని మీ గుమ్మం దాకా నడిపించడానికి. అవి తీసేస్తే సగం మంది హాస్టల్ గది దాటరు. ఇప్పటికే బొమ్మలు దాచుకునే వెబ్‌సైట్ పింటరెస్ట్‌లో ఒకే పేజీ చూసి, ఒకే రకం లేత రంగులతో పాతిక మంది పాతిక ప్యాకెట్లు తెస్తున్నారు.

1958లో అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన దేశంలో తిరిగి ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టడానికి అదే పునాది. మన దేశంలో చూసిన వస్తువుల్లో వాళ్ల మనసుకు బాగా ఎక్కింది చెంబు. చెంబు చేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసగా రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి, మోసేది ఎవరి చేతులు, నెత్తిన పెట్టుకుంటారా చంకన పెట్టుకుంటారా, నిండుగా ఉన్నప్పుడు తూకం ఎలా ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎలా ఉంటుంది, వంచితే ధార ఎలా పడుతుంది, తోమడానికి మూతి ఎంత ఉండాలి. నేను మొదటి క్లాసులో పిల్లల చేతికి ఒక్కో చెంబు ఇచ్చి, ఫోన్లు పక్కన పెట్టించి, ఇవే ప్రశ్నలు అడుగుతాను. గంట తర్వాత వాళ్ల నోటుబుక్కుల్లో ఉండేదాన్ని నేను రీసెర్చ్ అంటాను.

మన రూపాయి గుర్తు చూడండి. 2010 జులై 15న కేంద్ర కేబినెట్ ఆమోదించింది. దాన్ని గీసిన ఉదయకుమార్ ఐఐటీ బొంబాయిలో తమిళ అక్షరాల రూపాల మీదే పీహెచ్‌డీ చేశారు. దేవనాగరి ‘ర’, ఇంగ్లిష్ ‘ఆర్’ రెండూ ఒకే గీతలో ఇమిడిపోతాయని కనిపెట్టడానికి, అక్షరాల ఒంపులు ఏళ్ల తరబడి చూసిన కన్ను కావాలి.

ఇక వెనక నుంచి గీసిన ఫైళ్ల సంగతి. వాటిని పట్టుకోవచ్చు. అందులో స్కెచ్‌లన్నీ తిన్నగా ఫైనల్ వైపే నడుస్తాయి, ఒక్కటీ దారి తప్పదు. నిజంగా వెతికిన పిల్ల ఫైల్‌లో ఎక్కడో ఒక మంచి ఐడియా చచ్చిపడి ఉంటుంది, ఎందుకు చచ్చిందో పక్కన రాసి ఉంటుంది. దాన్ని చూడాలంటే ఫైల్‌కి పావుగంట కూర్చోవాలి. 60 మంది పిల్లలున్న క్లాసులో చాలామందిమి కూర్చోవడం లేదు, లావు చూసి మార్కులు వేస్తున్నాం. ఆ తప్పు మాదే. దానికి మందు మార్కులు తీసేయడం ఎలా అవుతుంది?

రెండు_బస్సులు

మేడమ్, ప్రెస్‌కి వెళ్లి నిలబడాలి అన్నారు. ఎప్పుడు వెళ్లాలి? నేను సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా పని చేసి ఫీజు కట్టుకుంటున్నాను. మా వైపు నుంచి పీణ్యకి రెండు బస్సులు, ట్రాఫిక్‌లో రానూ పోనూ నాలుగు గంటలు. పోయిన సెమిస్టర్‌లో ఫైల్‌కి కలర్ ప్రింట్లు, బైండింగ్ కలిపి 1,400 రూపాయలైంది. అవి నా పదిహేను రోజుల మధ్యాహ్నం భోజనాలు. మా క్లాసులో రీసెర్చ్ మార్కులు వచ్చేది తీరికా డబ్బూ ఉన్నవాళ్లకే. రాత్రి రెండింటికైనా సరే, ఫైనల్ ఒక్కటే నా చేతిలో ఉంటుంది.

పాఠాలు_చెప్పే_మనిషి

కలర్ ప్రింట్లు అడగడం అన్యాయం, అందులో రెండో మాట లేదు. 40 రూపాయల నోటుబుక్కు చాలు. తిరగడానికి కూడా క్లాసు టైమ్‌లోనే రెండు రోజులు వదలాలి. మా దగ్గర అలా వదులుతున్నాం. నీ మాట మిగతా కాలేజీలూ వినాలి నాయనా.

ఇందిరానగర్_స్టూడియో

పదేళ్లుగా బ్రాండింగ్ పనిలో ఉన్నాను. ఇంతవరకు ఎవరూ అనని మాట ఒకటి. మీరంతా ఐడియా రావడానికే రీసెర్చ్ అనుకుంటున్నారు. 1998లో అమెరికా డిజైనర్ పౌలా షేర్ సిటీ బ్యాంకు గుర్తుని మొదటి మీటింగ్‌లోనే నాప్‌కిన్ మీద గీసేసింది. దాంతో కలిసిన ట్రావెలర్స్ ఇన్సూరెన్స్ కంపెనీ ఎర్ర గొడుగు ‘టి’ అక్షరం మీద వంపుగా మారింది, అంతే. గీయడానికి పట్టింది క్షణాలు. బ్యాంకు వాళ్లని ఒప్పించడానికి మాత్రం బోలెడు కాలం పట్టింది. ఫైల్ పని అక్కడ ఉంటుంది. ‘ఇంకో రంగులో చూపించు’ అని క్లయింట్ పదోసారి అన్నప్పుడు, ఆ రంగు ఎందుకు పనికిరాదో చూపించే పేజీ మీ దగ్గర ఉండాలి.

అందుకే ఫైనల్ ముందు వచ్చేస్తే తప్పేమీ లేదు. ఆ అమ్మాయి ముందు చేసింది, తర్వాత కారణాలు వెతుక్కుంది. మాలో చాలామంది అలాగే పనిచేస్తాం. తను చేసిన తప్పల్లా వాటికి ‘మొదటి స్కెచ్‌లు’ అని పేరు పెట్టడం. ‘ఫైనల్ తర్వాత పరీక్షించినవి’ అని రాసి, నిజంగా పరీక్షించి ఉంటే నేను 40కి 40 వేసేవాణ్ని.

మిర్చి_ప్యాకెట్

మేడమ్, చచ్చిన ఐడియా అన్నారు కదా. నా దగ్గర ఒకటుంది, చెబుతాను.

నా మొదటి డిజైన్‌లో పేరు ప్యాకెట్ అంతటా అడ్డంగా ఉండేది. ఎడమ సగంలో కన్నడం ‘ఖారద పుడి’, కుడి సగంలో మన ‘కారం’. స్క్రీన్ మీద చాలా బాగుంది. కలాసిపాళ్యంలో ఒక అంగట్లో ఓనర్ అమ్మ నన్ను గల్లా పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది. ఆ ప్యాకెట్లు విడివిడిగా ఉండవు, సరాలుగా వస్తాయి. కొక్కేలకు అరడజను రకాలు పక్కపక్కనే ఒత్తుకుని వేలాడుతుంటాయి. పక్క సరం వచ్చి మీద పడితే మన ప్యాకెట్‌లో రెండు వేళ్ల వెడల్పు కనిపిస్తే గొప్ప. అంటే నా పేరులో ఒక భాష ఎప్పుడూ దాని వెనక దాక్కుంటుంది. అక్కడే ఆ డిజైన్ కొట్టేశాను.

ఇంకోటి. నేనున్న గంటసేపట్లో కంపెనీ పేరు చెప్పి అడిగినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లంతా ‘ఆ ఎర్రది’, ‘ఐదు రూపాయలది’ అనే అన్నారు. కానీ అక్కడున్నవన్నీ ఎర్రవే. ఎండ తగిలే వైపు సరాలు వెలిసి గులాబీ రంగుకు వచ్చాయి. అందుకే నేను నల్ల పట్టీ మీద పసుపు పచ్చ మిరపకాయ పెట్టాను.

రెండు లిపులు పక్కపక్కన పెడితే ఇంకో చిక్కు. ‘ర’ రెండింట్లోనూ ఒకటే గుండ్రం. తలకట్టు ఒక్కటే తేడా, మనది టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, వాళ్లది అడ్డంగా సాగి చివర వంగుతుంది. నేను తీసుకున్న కన్నడ ఫాంటు లావు, తెలుగు ఫాంటు సన్నం. చూసేవాళ్లకి తెలుగు ఏదో తర్వాత గుర్తొచ్చి రాసినట్టుంది. పైగా ‘స్వచ్ఛమైన’ అని పైన రాసి కింద ‘మిర్చి కారం’ అని రాస్తే, పై వరస వత్తులు కింద వరస గుడుల మీద కూర్చుంటున్నాయి. వరసల మధ్య ఖాళీ పెంచితే ప్యాకెట్‌లో చోటు లేదు. చివరికి ‘స్వచ్ఛమైన’ తీసేశాను. ఈ ఒక్క పేజీకి నాలుగు రోజులు పట్టింది. ఎగ్జామినర్ ఈ పేజీ పక్కన ‘ప్రెజెంటేషన్ పూర్’ అని రాశారు.

వడపళని_వాసి

చెన్నై నుంచి రాస్తున్నాను. అమ్మాయి చెప్పిన ‘ఆ ఎర్రది’ చదివితే మా అవ్వ గుర్తొచ్చింది. ఆమెకు చదువు రాదు. ‘పసుపు డబ్బా తలనొప్పి మందు’ అని అడిగి అమృతాంజనం తెచ్చుకునేది. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మొదలుపెట్టిన సరుకు అది, తర్వాత మద్రాసుకు వచ్చింది. ఇన్నేళ్లూ ఆ పసుపు వదల్లేదు.

మేడమ్ గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. పింటరెస్ట్ చూడటమే పాపం అనకండి. మేం బాపు గారి అక్షరాల మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి గీసి గీసి నేర్చుకున్నాం. పాత చందమామ సంచికల్లో బొమ్మకీ అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ వదిలారో స్కేలు పెట్టి కొలిచేవాళ్లం. అదీ కాపీయే, కానీ చేత్తో గీశాం, కొలిచాం. ఈ పిల్లలు సేవ్ కొట్టి వదిలేస్తున్నారు. ఒక్క బొమ్మ తీసుకుని గ్రిడ్ గీసి విప్పమనండి, వాళ్లకీ వస్తుంది.

పీణ్య_ప్రింటర్

చెల్లెమ్మా, సరాల సంగతి ఇన్నేళ్లుగా అచ్చు వేస్తున్న నాకే తట్టలేదు. మేం రీలు చుట్టి పంపిస్తాం, అంగట్లో ఎలా వేలాడుతుందో ఎప్పుడూ పోయి చూడలేదు. ఆ పేజీకి మార్కులు వేయాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ ఫైల్‌కి మాత్రం వద్దు. డమ్మీ, అంటే నమూనా ప్యాకెట్, చేసి అంగట్లో కొక్కేనికి తగిలించి చూపించమనండి, దానికి వేయండి. అందులో దొంగతనం కుదరదు. ఇంకో మాట, నల్ల పట్టీకి నాలుగు రంగులు కలపకు, ఒక్క నలుపు సిలిండర్‌తో వచ్చేలా పెట్టు. వెనక వైపు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార లైసెన్సు నంబరుకి, ముందు వైపు ఆకుపచ్చ చుక్కకి జాగా ఉందా?

పాఠాలు_చెప్పే_మనిషి

డమ్మీ మంచి మాటే. కానీ డమ్మీలో గెలిచిన డిజైన్ ఒక్కటే కనిపిస్తుంది. ‘స్వచ్ఛమైన’ ఎందుకు పోయిందో అందులో ఎవరికి తెలుస్తుంది? ఎదురుగా కూర్చోబెట్టుకుని పది నిమిషాలు అడిగితే తెలుస్తుంది. అమ్మా, మీ విభాగానికి రాతపూర్వకంగా అడగండి. ఫైల్ మార్కుల్లో సగం నోటి ప్రశ్నలకు మార్చమనండి.

మిర్చి_ప్యాకెట్

లెటర్ ఇచ్చేశాం. 40లో 20 మార్కులు వైవాకి, కలర్ ప్రింట్లు తప్పనిసరి కాకూడదు, తిరగడానికి క్లాసు టైమ్‌లో రెండు రోజులు, ఈ మూడూ రాశాం. మా హెచ్ఓడీ చదివి, వచ్చే సెమిస్టర్ మీటింగ్‌లో పెడతానన్నారు. నా 19 మాత్రం మారదట.

ఆ 64 పేజీల అమ్మాయిని సంతకం అడగడానికి భయపడ్డాను. తనే వచ్చి పెట్టింది. వాళ్ల నాన్నకు బళ్లారిలో మిరపకాయల మండీ ఉందట, చిన్నప్పటి నుంచి ఆ గోతాల మీద రంగు ముద్రలు చూస్తూ పెరిగిందట. తన ఫైనల్‌లో ఉన్న ఆ గుండ్రటి ముద్ర అక్కడిదే. ఫైల్‌లో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. ఎందుకు రాయలేదే అంటే, ‘అది రీసెర్చ్ అవుతుందని నాకెవరూ చెప్పలేదు’ అంది.

అన్నా, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరుకి జాగా పెట్టాను. ఐ మార్క్‌కి పెట్టలేదు. గురువారం పొద్దున మేమిద్దరం మీ ప్రెస్‌కి వస్తాం, మిషన్ నడుస్తుంటుందా?