ట్రైలర్ టైర్లకు 65 పాయింట్ల గాలి: దారిలో కొట్టుకునేదానికి ఏ కంప్రెసర్ తీసుకోవాల?

అనంతపురం_ట్రైలర్:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. బొలెరో వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్ చేయించినాం. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఫ్యాన్లకూ లైట్లకూ ఒక 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ. మా నాయనకు మోకాళ్ల నొప్పులు, లాడ్జీ మెట్లు ఎక్కలేడు. అమ్మకేమో గండికోట, బెలుం గుహలు, అహోబిలం చూడాలని ఎన్నాళ్లనుంచో ఆశ. వాళ్లిద్దరినీ తిప్పాలనే ఈ బండి.

ఒకే ఇరుసు, రెండు చక్రాలు, ఒక స్టెప్నీ. టైర్లు 185 ఆర్ 14, 8 ప్లై, ట్యూబ్‌లెస్. టైరు పక్కన గరిష్ఠం 65 పాయింట్లు (పీఎస్ఐ) అని ఉంది. తాడిపత్రి దాటినాక రాత్రిపూట పంచర్ అంగడి దొరకడం కష్టం. బండి నిలిపే బీడు నేలంతా సర్కారు తుమ్మ ముళ్లే. అందుకని సొంతంగా గాలి కొట్టుకునేది ఒకటి ఉండాల.

అంగట్లో మూడు రకాలు చూపించినారు. సిగరెట్ సాకెట్‌కు పెట్టేది, బ్యాటరీకి క్లిప్పులు తగిలించేది, చార్జింగ్ పెట్టుకునే చేతి మిషను. మూడింటి మీదా 150 అనే రాసి ఉంది. క్లిప్పులది మొదటిదానికి రెండింతల పైన ధర. ఆ ఎక్కువ డబ్బు పెట్టడం అవసరమా? వాడినవాళ్లు చెప్పండి.

బైక్_మీద_సీమ:

నా దగ్గర చార్జింగ్‌ది ఉంది బ్రో. బైక్‌కి, ఇంట్లో కారుకి సూపర్. జేబులో పడుతుంది. అది తీసుకో.

కడప_టైరు_పని:

తమ్ముడూ, నేను కడపలో టైరు పని చేస్తా. లారీలు, ట్రాక్టర్ ట్రాలీలు ఎప్పటినుంచో చూస్తాండా. ఈ మధ్య నీ మాదిరి ఇంటి బండ్లు కూడా వస్తాండాయి. ముందు ఒక్క మాట. పెట్టె మీద 150 అని రాసిండేది చూసి కొనాకు. మోటరు కిందామీదా పడి యాడి దాకా ఎక్కించగలదో చెప్పే అంకె అది. నీ టైరును 65కి ఎంత సేపట్లో తెస్తాదో, అంత సేపూ కాలిపోకుండా తిరుగుతాదో లేదో ఆ అంకెలో ఉండదు.

నువ్వు అడగాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్లు అని. అది కూడా వట్టిగా తిరిగేటప్పుడు కాదు, 60 పాయింట్ల కాడ ఎన్ని లీటర్లు అని. మంచి మిషన్లకు పట్టిక ఇస్తారు. టైరులో గాలి పెరిగే కొద్దీ ఆ లీటర్లు తగ్గుతా పోతాయి. పట్టిక లేదంటే నేనైతే కొనను.

లెక్క చూడు. నీ సైజు టైరులో సుమారు 35 లీటర్ల చోటు ఉంటాది. 14.5 పాయింట్లు పెరగాలంటే ఇంకో 35 లీటర్ల బయటి గాలి లోపలికి కూరాల. 40 నుంచి 65కి తేవాలంటే సుమారు 60 లీటర్లు. అడుగంటిన టైరైతే 155 లీటర్ల పైమాటే. 60 కాడ 10 లీటర్లు మాత్రం ఇచ్చే చిన్న మిషనుకు మొదటి పని ఆరు నిమిషాలు, రెండోది పావుగంట దాకా. 30 లీటర్లు ఇచ్చేదానికి రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు.

పావుగంటే గదా అనుకుంటావు. ఈడే డ్యూటీ సైకిల్ అనేది చూడాల. 33 శాతం అని ఉంటే పది నిమిషాలు తిప్పి ఇరవై నిమిషాలు ఆపాల. మే నెలలో ముద్దనూరు రోడ్డు మీద మిట్టమధ్యాన్నం ఆ ఇరవై నిమిషాల్లో మిషను యాడ చల్లారతాది? చిన్న మోటర్లు చచ్చేది ఇట్లే. మిషను తప్పు కాదది, దానికి పెట్టిన పని తప్పు. కారు టైరుకు 33 పాయింట్లు కొట్టేదానికి అది సరిపోతాది. నీకు అంతకు రెండింతలు కావాల.

సిగరెట్ సాకెట్ సంగతి. చానా బండ్లలో దాని ఫ్యూజు 10 నుంచి 15 ఆంపియర్లు. 12 వోల్టులతో గుణిస్తే 180 వాట్లు మించదు. అంతకంటే గట్టి మోటరు దాంట్లో పెడితే ఫ్యూజు ఎగిరిపోతాది. అందుకే పెద్దవాటికి క్లిప్పులు ఇచ్చేది. నీకు క్లిప్పులదే కావాల, డబ్బు దండగ కాదు.

పైన తమ్ముడు చెప్పిన చార్జింగ్ మిషను బైక్‌కు మేలే, కాదనను. 65 కాడ మాత్రం ఒక టైరు అయ్యేసరికి డీలా పడతాది. పైగా ఎండలో అద్దాలు మూసిన బండిలో లిథియం బ్యాటరీని వదలడం నాకు ఇష్టం లేదు.

గాలి కొలిచే గేజీ వేరుగా ఒకటి కొనుక్కో. మిషను తిరుగుతాంటే పైపు మీది ముల్లు ఎక్కువ చూపిస్తాది, ఆపినాక పడేదే అసలు అంకె. గాలి కొట్టినాక పైపు కొనన ఉండే ఇత్తడి ముక్క బాగా కాలింటాది, వట్టి చేత్తో పట్టుకోవాకు. ఇంకోటి, టైరు అంచు రిమ్ము నుంచి ఊడిందంటే ఈ పోర్టబుల్ మిషన్లు దాన్ని కూర్చోబెట్టడం కష్టం, ఒక్కసారిగా దబ్బున గాలి కావాల. కాబట్టి గాలి తగ్గినట్టు అనిపిస్తే అట్లే ఈడ్చుకుపోకుండా నిలుపు. ట్రైలర్ చక్రం దిగినా స్టీరింగ్‌కు తొందరగా తెలీదు. టీకి ఆగినప్పుడల్లా దిగి ఒకసారి చూడు.

కర్నూలు_వైరింగ్:

అన్న చెప్పిన లెక్కకు ఒకటి కలుపుతాను. నేను వాహనాల వైరింగ్ పని చేస్తాను. కంప్రెసర్ కొనేముందు అది ఏ బ్యాటరీ నుంచి ఏ చక్రం దాకా అందాలో చూసుకోండి. బొలెరో బ్యాటరీ బానెట్ కింద, మీ టైరు ట్రైలర్‌కు. మధ్యలో ఏడు మీటర్లు ఉంటుంది. చాలామంది కరెంటు వైరును పొడిగిస్తారు. 30 ఆంపియర్ల మోటరుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే, పోయే ఏడు మీటర్లు వచ్చే ఏడు మీటర్లు కలిపి దాదాపు 3 వోల్టులు దారిలోనే పోతాయి. మోటరు మూలుగుతూ తిరుగుతుంది, వైరు వేడెక్కుతుంది. వైరు పొట్టిగా ఉంచి గాలి పైపును పొడిగించండి. పైపు పొడుగైతే పెద్ద నష్టం లేదు, మోటరు ఆపగానే రెండు కొనల్లో గాలి సమానమైపోతుంది.

మీకు ఇంకా సులువైన దారి ఉంది. ట్రైలర్‌లోనే 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉందన్నారు కదా. 30 ఆంపియర్లు పది నిమిషాలు లాగినా ఖర్చయ్యేది 5 ఆంపియర్ అవర్లే. పాజిటివ్ దగ్గరే 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, లావు వైరుతో ట్రైలర్ పక్కన ఒక సాకెట్ బిగించండి. లైట్ల కోసం వెనక్కి వచ్చే ఏడు పిన్నుల ప్లగ్ నుంచి మాత్రం కంప్రెసర్‌కు కరెంటు తీయకండి, ఆ వైర్లు దీనికి చాలవు. ఎప్పుడైనా బొలెరో బ్యాటరీకి తగిలిస్తే ఇంజను ఆన్‌లో ఉంచండి.

లారీ_44:

జాతీయ రహదారి మీదైతే బ్రేకు ట్యాంకు నుంచి గాలి పట్టే పైపు పెట్టుకున్న లారీలు ఉంటాయి. అడగండి, మొహమాటం వద్దు. పట్టిస్తారు.

అనంతపురం_ట్రైలర్:

అందరికీ చానా థ్యాంక్స్. ట్రైలర్ బ్యాటరీ నుంచే సాకెట్ పెట్టిస్తా, ఆ ఆలోచన నాకు తట్టలేదు. సామాన్లు, నీళ్లు నింపి కాటా వేయించినా. 1140 కిలోలు వచ్చింది. కడప అన్నా, ఇంత బరువుకు 65 మొత్తం కొట్టాలా, తగ్గించొచ్చా? మధ్యాన్నం వేడికి పెరిగిపోతాదేమో అని భయం.

కడప_టైరు_పని:

కాటా వేయించినావు చూడు, అది మంచి పని. నీ టైరు 8 ప్లై కాబట్టి 65 గాలితో ఒక్కోటి 850 కిలోలు మోస్తాది. టైరు మీద 102 అనే అంకె ఉందా చూడు, దాని అర్థం అదే. నీకు చక్రానికి 570 కిలోలు. అంటే బలం మిగులే ఉంది. 55 కంటే దిగాకు, 60 కాడ పెట్టు. ట్రైలర్‌కు గాలి తక్కువైతే మలుపుల్లో టైరు గోడ నలుగుతాది, వేడి పుడతాది, పగిలేది దానికే.

పొద్దున్నే, బండి కదలకముందు కొట్టు. 25 డిగ్రీల కాడ 60 పెట్టినావనుకో, మధ్యాన్నం 40 డిగ్రీల గాలికే 4 పాయింట్ల దాకా పెరుగుతాది, రోడ్డు మీద తిరిగిన వేడికి ఇంకా పెరుగుతాది. ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే టైరు చేస్తారు. వేడిగా ఉన్నప్పుడు గాలి తీయాకు, మర్నాడు పొద్దున చూస్తే తక్కువైపోయి ఉంటాది.

స్టెప్నీని మాత్రం 65 పెట్టి ఉంచు, వాడకుండా ఉన్నా నెలనెలా రొంత దిగుతాది. ట్యూబ్‌లెస్ పంచర్ పుల్లలు, సూది, కటింగ్ ప్లేయర్ కంప్రెసర్ సంచిలోనే పడేసుకో. తుమ్మ ముల్లు దిగితే లోపలే విరిగి ఉంటాది, దాన్ని పూర్తిగా లాగినాకనే పుల్ల పెట్టు. ఏ మిషను కొనేది తేల్చుకునేముందు దాని పట్టిక ఫోటో తీసి ఈడ పెట్టు, చూసి చెప్తా.