కట్టు విప్పేశారు, ఇక దీన్ని ఆపేదెలా? (11 నెలల ముధోల్, ముందు కాలు)

రవ్వ వాళ్లమ్మ:

అందరికీ నమస్కారం. మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మా ఇంట్లో 11 నెలల ముధోల్ వేటకుక్క ఉంది, ఆడపిల్ల. 2005లో తపాలా బిళ్ల మీదకెక్కిన జాతి అని మురిసిపోతూ మా ఆయన తెచ్చారు. వేయించిన బొంబాయి రవ్వ రంగు, అందుకే పేరు రవ్వ. 19 కిలోలు. పరుగు తప్ప దానికి వేరే పని తెలీదు.

ఆరు వారాల కిందట జోడుగుళ్లపాలెం ఒడ్డున గొలుసు తీసి వదిలాను. తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా. ఎండ్రకాయ వెంట పడి, ఒడ్డుకు లాగిన పడవ పక్కన మలుపు తిరగబోయింది. ఎడమ ముందు కాలు తాడులో ఇరుక్కుంది. ఒక్క అరుపు అరిచింది. తర్వాత మూడు కాళ్ల మీద గెంతుకుంటూ నా దగ్గరికే వచ్చింది, బాగుచెయ్యమన్నట్టు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా.

వేళ్లకి పైన నాలుగు పొడుగు ఎముకలుంటాయట. వాటిలో బయటివైపుది చిట్లింది. మిగతా మూడూ గట్టిగా ఉన్నాయి కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదు, బద్ద పెట్టి కట్టు కడితే చాలన్నారు. మొదట కట్టించిన చోట (పేరెందుకులెండి) మరీ బిగించేశారు. రెండో రోజుకి వేళ్లు వాచి మధ్య గోళ్లు రెండూ దూరం జరిగిపోయాయి. పరుగెత్తుకెళ్లి వేరే డాక్టరుగారితో విప్పించి మళ్లీ కట్టించాం. ఐదు వారాలకి ఎక్స్‌రే తీసి, అతుక్కుందని కట్టు తీసేశారు. “మెల్లగా నడిపించండి” అన్నారు. మెల్లగా అంటే ఎంత? అడిగేలోపు తర్వాతి కుక్కని పిలిచేశారు.

ఇప్పటికి వారమైంది. పొద్దున్న లేవగానే కుంటుతుంది, పదడుగులు వేశాక సర్దుకుంటుంది. ఎడమ భుజం దగ్గర కండ కరిగిపోయింది, చేత్తో పట్టుకుంటే తెలుస్తోంది. నిన్న మేడ మీద ప్లాస్టిక్ కవరు గాలికి ఎగిరితే ఒక్క దూకు దూకింది. రాత్రంతా ఆ కాలు నేల మీద పెట్టలేదు. నాకు నిద్ర లేదు.

మా అత్తయ్య పుత్తూరు కట్టు కట్టించమంటున్నారు. కింద వాటా ఆయన సముద్రంలో ఈత కొట్టించమంటారు. మా ఆయనైతే మనం వేసుకునే నొప్పి మాత్ర సగం వెయ్యమన్నారు. ఎవరి మాట వినను?

గరివిడి పిల్లాడు:

అక్కా, ముందు ఆ మాత్ర పక్కన పెట్టేయండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కుక్కల కడుపులో పుళ్లు చేస్తాయి, కిడ్నీలని దెబ్బతీస్తాయి. సగమైనా అంతే. నేను గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను, ఇంకా డాక్టర్ని కాదు, కానీ ఈ ఒక్కటీ గట్టిగా చెప్పగలను. నొప్పికి మందు కావాలంటే డాక్టరే బరువు చూసి రాయాలి.

రెండోది, రాత్రంతా కాలు ఆనించలేదంటే వ్యాయామం సంగతి తర్వాత. రేపే చూపించండి, మళ్లీ ఎక్స్‌రే అడగండి. కొత్తగా అతుక్కున్న చోటే మళ్లీ చిట్లే అవకాశం ఉంది. మత్తు ఇవ్వాల్సి వస్తే హౌండ్ జాతి అని గుర్తు చేయండి. వీటికి ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని రకాల మత్తు నుంచి తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది.

కాల్షియం సొంతంగా కలపొద్దు. ఎదిగే పిల్లకి ఎక్కువైనా నష్టమే.

షిప్‌యార్డు తాత:

అమ్మా, కుర్రాడు చెప్పింది ముందు చెయ్యి. ఎక్స్‌రే బాగుందంటే అప్పుడు నా మాట విను. నేను రెండు కారవాన్‌లని (ముధోల్‌కే ఇంకో పేరు) పెంచాను, రెండూ కాళ్లు విరగ్గొట్టుకున్నవే.

ఆ గుంటపిల్లకి ఎముక అతుక్కుందని తెలుసు, కండ లేదని తెలీదు. ఇప్పుడున్న చిక్కంతా అదే. కట్టు ఉన్నన్నాళ్లూ కట్టే ఆపింది, ఇక నువ్వే కట్టువి.

మేడ బంద్. మంచం, సోఫా ఎక్కడం బంద్. హార్నెస్ వేసి, చిన్న తాడుతో, చదునుగా ఉన్న రోడ్డు మీద ఐదు నిమిషాలు, రోజుకి మూడుసార్లు. నీకే విసుగొచ్చేంత నెమ్మదిగా నడువు. నెమ్మదిగా నడిస్తేనే నాలుగు కాళ్లూ ఆనిస్తుంది, వేగం పెంచితే మూడింటి మీద గెంతేస్తుంది. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచు. అయితే ఒక షరతు. ఇవాళ్టి నడక ఎక్కువైందో లేదో ఇవాళ తెలీదు, రేపు పొద్దున్న తెలుస్తుంది. లేచాక కుంటు పెరిగితే వెనక్కి తగ్గు.

కుంటు ఎలా పట్టుకోవాలంటే తల చూడు. దెబ్బ కాలు ఆనినప్పుడు తల పైకి లేపుతుంది, మంచి కాలు ఆనినప్పుడు కిందికి దించుతుంది. ఎదురుగా నిలబడి ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూడు, కంటికి అందనిది కనబడుతుంది. మా ఆవిడ టైలరు టేపుతో వారానికోసారి రెండు భుజాలూ కొలిచి క్యాలెండరు మీద రాసేది. నేను నవ్వేవాణ్ణి. చివరికి ఆ అంకెలే పనికొచ్చాయి.

ముందు కాలు దెబ్బ కాబట్టి దిగుడు దారులు వద్దు, దిగేటప్పుడు బరువంతా ముందుకే పడుతుంది. కైలాసగిరి మెట్ల జోలికి పోకు. పొడి ఇసుక కూడా ఇప్పుడే వద్దు, కాలు కూరుకుపోయి మెలిక పడుతుంది. ఆఖర్న, చాలా వారాల తర్వాత, ఆటు సమయంలో నీళ్లు వెనక్కి వెళ్లాక గట్టిపడిన తడి ఇసుక మీద తాడుతోనే తిన్నగా చిన్న పరుగు. మలుపులు అన్నిటికన్నా చివర.

ఈత మంచిదే, కానీ మన సముద్రంలో కాదు. ఇక్కడి అల లోపలికి లాగేస్తుంది, మనుషులకే దిక్కు లేదు. మీ అత్తయ్యగారితో గొడవ పడకు. అతుక్కున్న ఎముకకి మళ్లీ కట్టెందుకని మెల్లగా చెప్పు.

రైతుబజార్ వెనక వీధి:

నేను కూడా ఎంవీపీయే. ఇంట్లో టైల్సా? మా వాడికి సగం జారుళ్లు ఇంట్లోనే. గోనెసంచులు పరిస్తే అవే జారాయి, తర్వాత రబ్బరు మ్యాట్లు వేశాం. ఇంకోటి, పరుగు ఆపేస్తే మెదడుకి పని పెట్టాలి, లేకపోతే చెప్పులు మిగలవు. ఉడికిన గుడ్డు ముక్కలు పాత తువ్వాల్లో చుట్టి ముడులు వేసి ఇవ్వండి. పావుగంట కిక్కురుమనదు.

రవ్వ వాళ్లమ్మ:

నాలుగు వారాలైంది, చెప్పకుండా ఉంటే బాగోదని రాస్తున్నా. ఎక్స్‌రేలో ఎముక కదల్లేదు. ఆ దూకుడుకి కండ పట్టేసిందట, ఐదు రోజులు చుక్కల మందిచ్చారు. మాత్ర మాటెత్తినందుకు మా ఆయన చేతే మ్యాట్లు కొనిపించాను.

ఇప్పుడు పూటకి ఇరవై నిమిషాలు నడుస్తున్నాం. రెండో వారంలో ఒకసారి ఎక్కువైంది, మర్నాడు తల ఎగరేసింది. తాతగారు చెప్పినట్టే మళ్లీ పదికి తగ్గించాను. భుజాల తేడా రెండు సెంటీమీటర్లుండేది, ఇప్పుడు ఒకటి. అత్తయ్యే టేపు పట్టుకుంటున్నారు. పుత్తూరు ఊసెత్తడం మానేశారు కానీ, రాత్రిళ్లు నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి భుజానికి రాస్తున్నారు. డాక్టరుగారు రాయనివ్వండన్నారు. రవ్వ ఆ నూనె నాకేస్తోంది, అది వేరే గొడవ.

పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే వేళకి తీసుకెళ్తున్నా. ఇసుక వైపు చూసి కీచుమంటుంది. తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని నిలబడుతున్నా.

షిప్‌యార్డు తాత:

చేతికి చుట్టుకోకు తల్లీ, ఈసారి నీ మణికట్టు విరుగుద్ది. తాడు నడుముకి కట్టుకో.