ఈ నాలుగాకుల నీటి మొక్క మార్సీలియా అనే ఫెర్నేనా? తినొచ్చా?

తొట్టిలో కలువ దుంప నాటితే పక్కనే ఇది మొలిచింది. మొదట పులిచింతాకు అనుకున్నా. కానీ దానికి మూడే రెక్కలు, దీనికి ప్లస్ గుర్తులా నాలుగు. లేతాకు గడియారం స్ప్రింగులా చుట్టుకుని వస్తోంది, చీకటి పడితే రెక్కలు ముడుచుకుంటోంది (చూడ్డానికి భలే ముచ్చటగా ఉంటుంది). పువ్వు జాడే లేదు. కాడ మొదట్లో మాత్రం మిరియం కన్నా చిన్నవి, గట్టి గోధుమరంగు గింజల్లాంటివి ఉన్నాయి. అవి సిద్ధబీజాల (ఫెర్న్‌ల్లో విత్తనాలకు బదులుండే స్పోర్ల) తిత్తులేనా?

కొన్నిచోట్ల దీని లేతాకు కూర వండుతారట. ఆస్ట్రేలియాలో నార్డూ అనే ఇదే జాతి మొక్క తిత్తుల్ని ఆదివాసులు దంచి పిండి చేసుకునేవారు. 1861లో అక్కడ అన్వేషణకు వెళ్లిన బర్క్, విల్స్ బృందం ఆ పిండి తింటూనే చిక్కి శల్యమైంది. బి1 విటమిన్‌ను నాశనం చేసే థయామినేజ్ అందులో ఉంటుంది. మరి ఆకు మాటేమిటి? ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుందా? వండి తిన్న అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. అప్పటిదాకా నేను రుచి చూడను.