బీకాం అయింది, బెంగళూరులో అకౌంట్స్ పని: సీఏ ఆఫీసా, బీపీఓనా?

హిందూపురం అమ్మాయి:
అందరికీ నమస్తే. ఈ ఏడాదే బీకాం అయింది, మారతహళ్లిలో పీజీలో ఉంటున్నా. రెండు చోట్ల రమ్మన్నారు. ఒకటి రాజాజీనగర్‌లో చిన్న సీఏ ఆఫీసు, జీతం పీజీకీ బస్సుకీ సరిపోతుందంతే. రెండోది బీపీఓ, అకౌంట్స్ పేయబుల్ (కంపెనీ కట్టాల్సిన బిల్లులు చూసే పని), జీతం బాగుంది కానీ నైట్ షిఫ్టులు, నాన్న వద్దంటున్నారు. ఈలోగా కోచింగ్ సెంటర్ వాళ్లు క్యాట్ కోర్సు చేస్తే అకౌంటింగ్ టెక్నీషియన్ అవుతావు, ముందు అందులో చేరమంటున్నారు. ట్యాలీలో ఎంట్రీలు వేయడం వచ్చు, జీఎస్టీ మాత్రం పుస్తకంలో చదివిందే. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

పీణ్య అకౌంటెంట్:
సీఏ ఆఫీసుకే వెళ్లమ్మా. నేను ఒక మెషిన్ షాపులో లెక్కలు చూస్తాను. కొత్తవాళ్లు వస్తే సర్టిఫికెట్ కంటే ముందు ఒక నెల పర్చేజ్ రిజిస్టరు, జీఎస్టీఆర్-2బి (అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే లిస్టు) చేతికిచ్చి సరిచూడమంటాను. 2బి 14న వస్తుంది, నెలనెలా వేసేవాళ్లు 20లోగా 3బి (పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను) వేయాలి, అసలు పనంతా ఆ మధ్యలోనే. సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్నులో మన బిల్లు చూపించకపోతే మనకు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి తగ్గింపు) రాదు, ఫోన్లు చేసి వెంటపడాల్సిందే. మీ హిందూపురం నుంచి వచ్చే బిల్లు మీద జీఎస్టీ నంబరు ఆంధ్రా కోడ్ 37తో మొదలవుతుంది, మాది కర్ణాటక 29, రాష్ట్రాలు వేరు కాబట్టి ఐజీఎస్టీ పడాలి. వాళ్లు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని ఒకే రాష్ట్రంలో అమ్మినట్టు చెరిసగం వేసి పంపారనుకో, ఎంట్రీ వేయకముందే దాన్ని పట్టుకోగలిగితే నీకు పని వచ్చినట్టే. పది రకాల వ్యాపారాల బిల్లులు చేతిలో పడితే తప్ప ఆ చూపు రాదు.

ఔటర్ రింగ్ రోడ్ అక్క:
పేయబుల్స్‌ని తీసిపారేయకండి అన్నా, నేను చేసేది అదే. పర్చేజ్ ఆర్డరు, సరుకు అందినట్టు రసీదు, బిల్లు, మూడూ కలిస్తేనే డబ్బు వదలాలి, ఆ అలవాటు ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. ఇంట్లో అప్పులుంటే జీతానికే ఓటెయ్యి చెల్లీ, క్యాబ్ గుమ్మం దాకా వస్తుందో లేదో కనుక్కుని నాన్నగారికి చెప్పు. కాకపోతే మేం చూసేది ఒక్క ముక్కే, ఏళ్లు గడిచినా బ్యాలెన్స్ షీటు ఎలా తయారవుతుందో తెలియదు.

క్యాట్ సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ల) ఇన్‌స్టిట్యూట్ వాళ్లదే, మంచి కోర్సే, కానీ ఇంటర్‌తో ఆగినవాళ్లకి ఎక్కువ ఉపయోగం. నీకు డిగ్రీ ఉంది, కావాలంటే నేరుగా సీఎంఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. కోచింగ్ వాళ్ల మాట మీద ఫీజు కట్టకు, ఇన్‌స్టిట్యూట్ సైటులో నువ్వే చూసుకో.

హిందూపురం అమ్మాయి:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. అప్పులేం లేవు, సీఏ ఆఫీసుకే వెళ్తాను. చేరేముందు వాళ్లని ఏం అడగాలి?

పీణ్య అకౌంటెంట్:
రిటర్నులు నా చేత వేయిస్తారా, బిల్లుల ఎంట్రీతోనే సరిపెడతారా అని నేరుగా అడుగు. 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 15న పీఎఫ్, ఈఎస్ఐ, ఒక్క క్లయింటువైనా ఇవన్నీ నీకే అప్పగిస్తామంటే చేరిపో. ఆ తేదీల్లో సెలవు దొరకదని ఇంట్లో ముందే చెప్పు. ఇంకోటి, మారతహళ్లి నుంచి రోజూ రాజాజీనగర్‌కి తిరగలేవు, పీజీ గ్రీన్ లైన్ మెట్రో పక్కకి మార్చుకో.