విండోస్ 10లో ఫోల్డర్ పేర్లకి తెలుగు ఫాంటు మార్చడం ఎలా?

విజయనగరం డీటీపీ:
మూడు లాంతర్ల దగ్గర చిన్న డీటీపీ షాపు నాది. ఫోల్డర్లన్నిటికీ తెలుగులోనే పేర్లు పెడతాను. పాత సిస్టమ్ విండోస్ 7. అందులో గౌతమి ఫాంటు వచ్చేది, కాస్త విశాలంగా ఉండేది. కొత్తదాంట్లో అక్షరాలు నాజూకుగా వస్తున్నాయి. 'రథోత్సవం' థలో చుక్క కనబడదు, ద్దకీ డ్డకీ తేడా తెలీదు. కళ్ళజోడు మార్చమంటున్నాడు మా కుర్రాడు. వాడికేం, ఇరవై ఏళ్ళు! 7లో రైట్ క్లిక్ కొట్టి పర్సనలైజ్‌లోకి వెళ్తే ఐకాన్ల ఫాంటు మార్చుకునేవాళ్ళం. ఇందులో అది ఎక్కడుంది?

రాజాం కుర్రోడు:
ఆ ఆప్షన్ తీసేశారు బావూ. గౌతమి కావాలంటే సెట్టింగ్స్‌లో యాప్స్, ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్ళి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కించు. వాణి అనే ఇంకో తెలుగు ఫాంటు కూడా వస్తుంది.

విజయనగరం డీటీపీ:
ఎక్కించాను. వర్డ్‌లో వచ్చింది, ఫోల్డర్లు మాత్రం అలాగే ఉన్నాయి.

టెక్కలి మాస్టారు:
అలాగే ఉంటాయి మరి. విండోస్ సొంత ఫాంటు సెగో యూఐ. అందులో తెలుగు అక్షరాలే లేవు. తెలుగు ఎదురైన చోటల్లా సిస్టమ్ నిర్మల యూఐ నుంచి తెచ్చి పెడుతుంది. పక్కన గౌతమి ఉన్నా దాని వైపు చూడదు.

మార్చాలంటే రిజిస్ట్రీలోకి, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటికి దిగాలి. విండోస్ ఎన్‌టీ, కరెంట్‌వెర్షన్ కింద ఫాంట్స్ అనే కీలో (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) సెగో యూఐ రెగ్యులర్, బోల్డ్, ఇటాలిక్ లాంటి వాటి విలువలు ఖాళీ చేయాలి. ఆ పక్కనే ఫాంట్‌సబ్‌స్టిట్యూట్స్‌లో సెగో యూఐ పేరుతో స్ట్రింగ్ (అక్షరాలు రాసే విలువ) పెట్టి, మీ ఫాంటు పేరు ఇచ్చి రీస్టార్ట్ చేయాలి. తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉన్న ఫాంటయితేనే పనికొస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి నా లెక్కలో మేలు. గురజాడ పేరుతోనూ ఒకటుంది, మీ ఊరి అభిమానం కొద్దీ పెట్టేయకండి, ముందు చిన్న సైజులో చూసుకోండి.

రెండు కీలనీ ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. సెగో ఎండీఎల్2 అసెట్స్ అనే ఐకాన్ల ఫాంటు జోలికి మాత్రం పోవద్దు, ఐకాన్లు పోయి డబ్బాలొస్తాయి. తెలుగు ఫాంట్లు పైనా కిందా ఎక్కువ జాగా తీసుకుంటాయి కాబట్టి కొన్ని పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు తెగొచ్చు కూడా.

ఇంతకీ షాపు సిస్టమ్ మీద ఈ ప్రయోగం ఎందుకండీ? సెట్టింగ్స్‌లో ఈజ్ ఆఫ్ యాక్సెస్, డిస్‌ప్లేలో మేక్ టెక్స్ట్ బిగ్గర్ ఉంటుంది. దాన్ని కొద్దిగా జరిపి, క్లియర్‌టైప్ (అక్షరాలు స్పష్టంగా కనబడేలా చేసే సెట్టింగ్) కూడా సరిచేసి చూడండి.

విజయనగరం డీటీపీ:
థాంక్స్ మాస్టారూ. రిజిస్ట్రీ మారిస్తే అనూ తెలుగు ఫాంట్లతో చేసిన పేజ్‌మేకర్ ఫైళ్ళు చెడిపోవు కదా? టెన్షన్ అదొక్కటే.

టెక్కలి మాస్టారు:
చెడవు. అనూ యూనికోడ్ (ఫోల్డర్ పేర్లలో విండోస్ వాడే అక్షరాల పద్ధతి) కాదు, దాని ఫాంట్లు దానివే. మారేది మెనూలూ ఫోల్డర్ పేర్లే.

విజయనగరం డీటీపీ:
అయితే ఈ రోజు టెక్స్ట్ సైజు పెంచి చూస్తాను. రిజిస్ట్రీ పని సిరిమానోత్సవం ఫ్లెక్సులన్నీ అయ్యాకే!